అందరి పాత్‌లోకీ ఎస్‌బిన్: మా ల్యాబ్ మెషీన్ల పని డైరీ

సోమవారం

చేయాల్సిన పని ఇది. ల్యాబ్‌లో ఉన్న మెషీన్లన్నిటిలో ఏ యూజర్ వచ్చినా, ఏ దారిన వచ్చినా, అంటే టెర్మినల్‌లో కూర్చున్నా, ఎస్‌ఎస్‌హెచ్‌తో నెట్‌వర్క్ మీదుగా వచ్చినా, పెట్టిన టైముకి పనులు చేసే క్రాన్ నడిపినా, అడ్మిన్ అధికారంతో నడపడానికి సుడో కొట్టినా, ఒక కమాండ్ పేరు కొడితే ఒకే ప్రోగ్రామ్ నడవాలి. ఇప్పుడు అలా లేదు. కమాండ్ పేరు కొట్టినప్పుడు ఆ ప్రోగ్రామ్ కోసం వెతికే డైరెక్టరీల లిస్టునే పాత్ (PATH) అంటాం. అందరూ వాడే ప్రోగ్రాములు బిన్ (bin) డైరెక్టరీల్లో, అడ్మిన్ వాడేవి ఎస్‌బిన్ (sbin) డైరెక్టరీల్లో ఉంటాయి. కొన్ని మెషీన్లలో మామూలు యూజర్‌కి /ఎస్‌బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్ పాత్‌లో ఉన్నాయి, కొన్నిట్లో లేవు, ఒకదాంట్లో రూట్‌కి, అంటే అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ అకౌంట్‌కి కూడా లేవు.

మెషీన్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు రకరకాలు. మెయిన్ సర్వర్ డెబియన్ 12, అదీ 9 నుంచి మెట్టు మెట్టుగా అప్‌గ్రేడ్ అవుతూ వచ్చింది కాబట్టి అన్ని కాలాల అవశేషాలూ అందులో ఉన్నాయి. బ్యాకప్ మెషీన్ కూడా డెబియనే, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ వేసిన డిస్కులతో. విద్యార్థుల డెస్క్‌టాప్‌లు ఉబుంటు. లైసెన్స్ సాఫ్ట్‌వేర్ కోసం ఒక పాత రెడ్‌హ్యాట్ వంశపు మెషీన్. ఫైర్‌వాల్ ఫ్రీబీఎస్‌డీ. నా ల్యాప్‌టాప్ ఫెడోరా 42.

ఇది ఇప్పుడే ఎందుకంటే, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఒక ఎక్సర్‌సైజ్ ఉంది: 64 ఎంబీ ఖాళీ ఫైల్ ఒకటి సృష్టించి దాని మీద ఎంకేఎఫ్‌ఎస్‌తో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వేసి, డీబగ్‌ఎఫ్‌ఎస్‌తో లోపల ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైల్ వివరాలు ఉండే రికార్డులు, చూడటం. సొంత హోమ్ డైరెక్టరీలో సొంత ఫైల్ మీద చేసే పని, రూట్ అక్కర్లేదు. కానీ ఎంకేఎఫ్‌ఎస్, డీబగ్‌ఎఫ్‌ఎస్ రెండూ ఎస్‌బిన్‌లో ఉంటాయి, డెబియన్‌లో మామూలు యూజర్ కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. పిల్లలు ‘సార్, పర్మిషన్ లేదంట’ అని వస్తారు. దానికి పరిష్కారంగా గతంలో ఎవరో ఒక బ్యాచ్ మొత్తాన్ని సుడో గ్రూపులో చేర్చేశారు. గ్రూపు లిస్టు చూశాక టెన్షన్ వచ్చింది, కోర్సు పూర్తి చేసుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి. పాత్‌లో ఒక డైరెక్టరీ తక్కువైనందుకు సర్వర్ తాళాలు పంచిపెట్టారన్నమాట.

ఆ మెసేజ్ కూడా మనుషుల్ని తప్పుదారి పట్టించేదే. కమాండ్-నాట్-ఫౌండ్ అనే ప్యాకేజీ పెట్టుకున్న మెషీన్లలో అయితే ఇంకా చిత్రం: ప్రోగ్రామ్ /ఎస్‌బిన్‌లో ఉంది, ఆ డైరెక్టరీ మీ పాత్‌లో లేదు అని సరిగ్గానే చెప్పి, వెంటనే ఇది బహుశా మీ అకౌంట్‌కి అడ్మిన్ అధికారాలు లేకపోవడం వల్ల కావచ్చు అని ముగిస్తుంది. చదివినవాడు అధికారాల కోసం కాక దేనికోసం వస్తాడు?

మంగళవారం

ముందు కొలతలు. ప్రతి మెషీన్‌లో ప్రతి దారిన వచ్చి పాత్ ఏమిటో ప్రింట్ చేసుకున్నాను.

డెబియన్‌లో లాగిన్ అవగానే నడిచే /ఈటీసీ/ప్రొఫైల్ ఫైల్ మొదట్లోనే యూజర్ నంబర్ సున్నానా కాదా అని చూస్తుంది. సున్నా అయితే, అంటే రూట్ అయితే, మూడు ఎస్‌బిన్‌లూ (/యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /ఎస్‌బిన్) ఇస్తుంది, కాకపోతే వాటి బదులు గేమ్స్ డైరెక్టరీలు ఇస్తుంది. ఇది నాకెప్పుడూ నవ్వు తెప్పించే విషయం: మామూలు యూజర్‌కి ఆటలు అవసరమట, ఎంకేఎఫ్‌ఎస్ అవసరం లేదట. ఉబుంటులో ఈ తేడా లేదు, /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోనే అందరికీ ఎస్‌బిన్‌లతో కలిపి ఒకే పాత్ రాసి ఉంటుంది. రెడ్‌హ్యాట్ మెషీన్‌లో /ఈటీసీ/ప్రొఫైల్‌లో పాత్‌మంజ్ అని ఒక చిన్న ఫంక్షన్ ఉంది, అది రూట్‌కి ఎస్‌బిన్‌లను ముందు, మిగతావాళ్లకి చివర తగిలిస్తుంది. ఈ చివర తగిలించడం అన్నది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో /ఈటీసీ/లాగిన్.కాన్ఫ్ అందరికీ ఎస్‌బిన్ ఇస్తుంది, అక్కడ అసలు ఈ గొడవే లేదు. మాక్ వాడే మాస్టారు ఒకరు తన మెషీన్ కూడా చూపించారు, అక్కడ /ఈటీసీ/పాత్స్ అనే ఫైల్‌లో /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /ఎస్‌బిన్ ఉండనే ఉన్నాయి.

అంటే మామూలు యూజర్ దగ్గర నుంచి ఎస్‌బిన్‌ని దాచేది మా దగ్గర డెబియన్ ఒక్కటే.

బుధవారం

రూట్‌కి కూడా ఎస్‌బిన్ లేని మెషీన్ సంగతి. మెయిన్ సర్వర్‌లో ల్యాబ్ అసిస్టెంట్ ఒక ప్యాకేజీ వేయబోతే డీపీకేజీ ఆగిపోయింది: ఎల్‌డీకాన్ఫిగ్, స్టార్ట్-స్టాప్-డెమన్ పాత్‌లో కనపడలేదు, రూట్ పాత్‌లో మామూలుగా /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /ఎస్‌బిన్ ఉండాలి సుమా అని. ‘సార్, నేను రూట్‌లోనే ఉన్నా కదా’ అన్నాడు. ఉన్నాడు నిజమే, కానీ ఎస్‌యూ అని మాత్రమే కొట్టి రూట్ అయ్యాడు, పక్కన గీత (-) పెట్టలేదు.

డెబియన్ 9 దాకా ఎస్‌యూ ప్రోగ్రామ్ షాడో ప్యాకేజీ నుంచి వచ్చేది, అది గీత పెట్టకపోయినా పాత్‌ని రూట్ పాత్‌గా మార్చేది. 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి ఎస్‌యూ యుటిల్-లినక్స్ అనే ప్యాకేజీది. గీత లేకుండా కొడితే అది మీ పాత పాత్‌ని ముట్టుకోదు. యూజర్ నంబర్ సున్నా అవుతుంది, పాత్ మాత్రం మామూలు యూజర్‌దే. అప్పట్లో యూజర్‌యాడ్ కొడితే ‘నాట్ ఫౌండ్’ అంటోందని ఎంతమంది గగ్గోలు పెట్టారో వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది.

దీనికి రెండు మందులు. ‘ఎస్‌యూ -’ అని గీతతో కొట్టడం ఒకటి, అది పూర్తి లాగిన్ షెల్ ఇస్తుంది, అంటే కమాండ్లు తీసుకునే షెల్ ప్రోగ్రామ్ కొత్తగా లాగిన్ అయినట్టే మొదలవుతుంది. /ఈటీసీ/లాగిన్.డెఫ్స్‌లో ఆల్వేస్_సెట్_పాత్ యెస్ అని ఒక లైన్ రాయడం రెండోది, అప్పుడు గీత లేకపోయినా అదే ఫైల్‌లో ఉన్న ఎన్వ్_ఎస్‌యూపాత్ విలువ వచ్చి కూర్చుంటుంది. నేను లైన్ రాశాను, గీత అలవాటు కూడా చేయమన్నాను. ఒకటే చేస్తే చాలదా అంటే, లైన్ లేని మెషీన్‌కి వెళ్లినప్పుడు అలవాటు కాపాడుతుంది, అలవాటు లేని కొత్తవాడు వచ్చినప్పుడు లైన్ కాపాడుతుంది.

గురువారం, కొంచెం చరిత్ర

అసలు ఎస్‌బిన్‌ని విడిగా ఎందుకు పెట్టారని అసిస్టెంట్ అడిగాడు. సెక్యూరిటీ కోసం అని వాడికి ఎవరో చెప్పారట. చాలామంది అలాగే అనుకుంటారు.

ఏడో ఎడిషన్ యూనిక్స్, 1979 నాటిది, అందులో ఎస్‌బిన్ అనేదే లేదు. మౌంట్, ఎంకేఎఫ్‌ఎస్, ఇనిట్, క్రాన్ లాంటివన్నీ /ఈటీసీలో ఉండేవి, ఇప్పుడు మనం సెట్టింగుల ఫైళ్లు మాత్రమే ఉండాలనుకునే చోట. అడ్మిన్ అయినవాడు /ఈటీసీ/మౌంట్ అని పూర్తిగా కొట్టుకునేవాడు. తర్వాత /ఈటీసీలోంచి ప్రోగ్రాములను ఖాళీ చేయించారు, 1990లో వచ్చిన 4.3 బీఎస్‌డీ-రెనో నాటికి /ఎస్‌బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్ స్థిరపడ్డాయి. ఇక అన్నిటికీ పైన ఉండే / డైరెక్టరీకీ /యూఎస్ఆర్‌కీ ఉన్న విభజన ఇంకా పాతది, బెల్ ల్యాబ్స్‌లో పీడీపీ-11 మీద డిస్కులు చాలక రెండో డిస్కు తగిలించినప్పటి సంగతి. బూట్ అయ్యాక రెండో డిస్కు మౌంట్ అయ్యేలోపు కావలసినవి మొదటి డిస్కులో, మిగతావి రెండో దాంట్లో. డిస్కులు పెద్దవైపోయినా ఆ గోడ అలాగే మిగిలింది.

లినక్స్‌లో ఏది ఎక్కడ ఉండాలో చెప్పే ఎఫ్‌హెచ్‌ఎస్ ప్రమాణం ఉంది, 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. అందులో ఈ మాట సూటిగానే ఉంటుంది: బిన్, ఎస్‌బిన్ విభజన భద్రత కోసం చేసింది కాదు, అందరూ వాడేవాటినీ ప్రధానంగా అడ్మిన్ వాడేవాటినీ వేరుగా ఉంచడానికి చేసింది. మామూలు యూజర్ ఎప్పుడైనా నేరుగా నడిపే ప్రోగ్రామ్ అయితే అది బిన్‌లోనే ఉండాలని కూడా అంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది, ‘ఎప్పుడైనా నేరుగా నడిపే’ అన్నది ఎవరు తేలుస్తారు? ఎంకేఎఫ్‌ఎస్ రాసినవాళ్ల మనసులో డిస్కు పార్టిషన్ ఉంది, మా పిల్లల చేతిలో ఇమేజ్ ఫైల్ ఉంది. ఐఎఫ్‌కాన్ఫిగ్‌తో ఐపీ అడ్రస్ మార్చడానికి రూట్ కావాలి, చూడటానికి అక్కర్లేదు. ఐపీ కమాండ్ విషయంలో డెబియన్ వాళ్లే ప్రోగ్రామ్‌ని బిన్‌లో పెట్టి ఎస్‌బిన్‌లో ఒక లింకు ఉంచారు.

ఎస్‌బిన్‌లో ఉన్న ఫైళ్లకి అందరికీ నడిపే అనుమతి ఉంటుంది, /ఎస్‌బిన్/ఎఫ్‌డిస్క్ అని పూర్తిగా కొడితే ఎవరికైనా నడుస్తుంది. డిస్కుని తెరవబోతే ఆపేది ఆపరేటింగ్ సిస్టమ్‌కి కేంద్రమైన కెర్నల్, డివైస్ ఫైల్ మీద ఉన్న పర్మిషన్లు చూసి. పాత్‌లోంచి తీసేయడం అంటే ఇంటికి తాళం వేయకుండా పేరు బోర్డు మాత్రం పీకేయడమే.

కాబట్టి నిర్ణయం: అందరి పాత్‌లోకీ ఎస్‌బిన్‌లు వస్తాయి, మామూలు యూజర్లకి రెడ్‌హ్యాట్ పద్ధతిలో చివర. చివర ఎందుకంటే ఒకే పేరుతో బిన్‌లోనూ ఎస్‌బిన్‌లోనూ వేర్వేరు ప్రోగ్రాములు ఉన్న సందర్భాలు పాత మెషీన్లలో ఉన్నాయి, యూజర్‌కి ఇప్పటిదాకా నడుస్తున్నది ఏదో అదే నడవాలి. పిల్లల్ని సుడో గ్రూపులోంచి తీసేయడం కూడా ఇదే రోజు చేసేశాను. కొంత అలక వచ్చింది, పర్వాలేదు.

శుక్రవారం

డెబియన్‌లో ఎక్కడ రాయాలి అన్నది అనుకున్నంత తేలిక కాదు. ఉబుంటులో లాగా /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌లో రాసేస్తే సరిపోతుంది అనిపిస్తుంది, కానీ డెబియన్ /ఈటీసీ/ప్రొఫైల్ పాత్‌ని ఉన్నదానికి కలపదు, కొత్తగా మొత్తం రాసేస్తుంది. కాబట్టి లాగిన్ షెల్‌లో ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో మీరు రాసింది తుడిచిపెట్టుకుపోతుంది. ఉబుంటు వాళ్ల ప్రొఫైల్‌లో ఆ పాత్ లైన్లు లేవు, అందుకే అక్కడ నడుస్తుంది. పోనీ /ఈటీసీ/ప్రొఫైల్‌నే మార్చేద్దామంటే అది సిస్టమ్ ఇచ్చిన ఫైల్, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. అందుకని /ఈటీసీ/ప్రొఫైల్.డీలో చిన్న ఫైల్ ఒకటి పెట్టాను, అది ప్రొఫైల్ తన పాత్ రాశాక నడుస్తుంది. పాత్‌లో డైరెక్టరీకీ డైరెక్టరీకీ మధ్య కోలన్ (:) ఉంటుంది. ఆ ఫైల్ పాత్‌కి రెండు చివరలా కోలన్ తగిలించి చూసి, ఎస్‌బిన్ అప్పటికే లేకపోతేనే కలుపుతుంది. ఈ చెక్ పెట్టకపోతే షెల్‌లోంచి షెల్‌లోకి వెళ్తున్నకొద్దీ పాత్ కొండవీటి చాంతాడు అవుతుంది.

అయినా ఎస్‌ఎస్‌హెచ్ మిగిలింది. మానిటరింగ్ మెషీన్ నుంచి ఒక మామూలు అకౌంట్ బ్యాకప్ మెషీన్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల పరిస్థితి చూపే జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్ నడపాలి. లినక్స్‌లో స్టేటస్ చూడటానికి ఇప్పుడు రూట్ అక్కర్లేదు, కానీ జెడ్‌పూల్ ఉన్నది ఎస్‌బిన్‌లో. మనిషి లాగిన్ అయి కొడితే నడుస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ పక్కనే కమాండ్ రాసి పంపితే ‘నాట్ ఫౌండ్’. కారణం, అలా పంపిన కమాండ్‌కి లాగిన్ షెల్ ఉండదు, ప్రొఫైల్ ఎవరూ చదవరు, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్ అయిన ఎస్‌ఎస్‌హెచ్‌డీలో కంపైల్ చేసి పెట్టిన పాత్ వస్తుంది. హోమ్‌లో ఉన్న బాష్ఆర్‌సీలో, అంటే బాష్ అనే షెల్ చదివే సెట్టింగుల ఫైల్‌లో రాద్దామంటే, డెబియన్ ఇచ్చే ఆ ఫైల్ పైభాగంలోనే ఇంటరాక్టివ్ కాకపోతే ఇక్కడి నుంచే వెనక్కి పో అని ఉంటుంది.

ఇక్కడ మాత్రం /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ పనికొచ్చింది, ఎందుకంటే దాన్ని చదివేది షెల్ కాదు, లాగిన్‌లను చూసుకునే పామ్ అనే భాగం. ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెరిచేటప్పుడే పామ్_ఎన్వ్ ఆ ఫైల్ చదివి పాత్ పెడుతుంది. అందువల్ల డెబియన్ మెషీన్లలో రెండు చోట్లా రాశాను, లాగిన్ షెల్‌కి ప్రొఫైల్.డీ, మిగతావాటికి ఎన్విరాన్‌మెంట్. ఎన్విరాన్‌మెంట్ ఫైల్ షెల్ స్క్రిప్ట్ కాదని గుర్తుండాలి, అందులో డాలర్ పాత్ ($PATH, అంటే పాత్‌కి ఇప్పుడున్న విలువ) అని రాసి ఉన్నదానికి కలుపుదామనుకుంటే కుదరదు, మొత్తం విలువ రాయాల్సిందే.

శనివారం, కాలేజీ ఖాళీ

సుడో చూశాను. సుడో మీ పాత్‌లో వెతకదు, తన సెట్టింగుల ఫైల్ సుడోయర్స్‌లో సెక్యూర్_పాత్ అని ఉన్న దాంట్లో వెతుకుతుంది. డెబియన్‌లో అందులో లోకల్ డైరెక్టరీలు కూడా ఉంటాయి. రెడ్‌హ్యాట్ మెషీన్‌లో ఉండవు, /ఎస్‌బిన్, /బిన్, /యూఎస్ఆర్/ఎస్‌బిన్, /యూఎస్ఆర్/బిన్ మాత్రమే. అందుకే మా బ్యాకప్ స్క్రిప్ట్ /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో పెట్టి సుడోతో కొడితే డెబియన్‌లో నడిచి అక్కడ నడవదు.

దీన్ని పరీక్షించేటప్పుడు చాలామంది సుడో ఎకో డాలర్ పాత్ అని కొట్టి, అన్నీ ఉన్నాయి కదా అంటారు. ఆ డాలర్ పాత్‌ని సుడో దాకా పోకముందే మీ షెల్ విప్పేస్తుంది, మీకు కనపడేది మీ పాతే. సుడో ప్రింట్ఎన్వ్ పాత్ అని కొడితే అసలు సంగతి తెలుస్తుంది. మార్పుని సుడో సెట్టింగులు దిద్దే వైసుడోతో సుడోయర్స్.డీ కింద విడి ఫైల్‌గా రాశాను. ఆ ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు, ఉంటే సుడో దాన్ని నోరెత్తకుండా వదిలేస్తుంది.

రెడ్‌హ్యాట్ మెషీన్‌లో లోకల్ డైరెక్టరీలు కలిపే ముందు అవి ఎవరివి, ఎవరు రాయగలరు అని చూశాను. ఆ చూపు మెయిన్ సర్వర్ మీదకి వెళ్లింది, అసలు వారం మొత్తంలో పనికొచ్చిన పని ఇదే అనుకుంటా. పాత డెబియన్ ఇన్‌స్టాళ్లలో /యూఎస్ఆర్/లోకల్ కింది డైరెక్టరీలు స్టాఫ్ అనే గ్రూపువి, ఆ గ్రూపులో ఉన్న ఎవరైనా అందులో ఫైళ్లు పెట్టొచ్చు. రూట్ పాత్‌లో మొట్టమొదటి డైరెక్టరీ ఏమిటి? /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్. అంటే స్టాఫ్ గ్రూపులో ఉన్న మనిషి అక్కడ ఎల్ఎస్ (ఫైళ్ల లిస్టు చూపే కమాండ్) అనే పేరుతో ఒక స్క్రిప్ట్ పెడితే, రూట్ తర్వాతిసారి ఎల్ఎస్ కొట్టినప్పుడు నడిచేది అదే. పేరు చూసి ‘స్టాఫ్ అంటే సిబ్బందే కదా’ అని ఆ గ్రూపులో లెక్చరర్లందరినీ చేర్చి ఉన్నారు. వాళ్లెవరూ అలాంటి పని చేయరు, కానీ వాళ్ల పాస్‌వర్డ్ కొట్టేసినవాడు చేస్తాడు. గ్రూపు ఖాళీ చేసి, ఆ డైరెక్టరీలన్నీ రూట్ గ్రూపుకి మార్చి, గ్రూపు రాసే అనుమతి తీసేశాను. మామూలు యూజర్‌కి ఎస్‌బిన్ కనపడకుండా చూడటంలో ఇన్నేళ్లు పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఇక్కడ పెట్టి ఉంటే బాగుండేది.

రెడ్‌హ్యాట్ మెషీన్‌లో ఇంకోటి దొరికింది. లైసెన్స్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ ప్రొఫైల్.డీలో తన ఫైల్ పెట్టుకుంది, అందులో పాత్ లైన్ చివర ఒక కోలన్ ఎక్కువ. పాత్‌లో ఖాళీ పదం అంటే ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ అని అర్థం. చివర కోలన్ ఉన్నా, మధ్యలో రెండు కోలన్లు పక్కపక్కన ఉన్నా అంతే. అంటే ఆ మెషీన్‌లో అందరి పాత్‌లోనూ చుక్క, అంటే ప్రస్తుత డైరెక్టరీ, ఉన్నట్టే. ఎవరో /టీఎంపీలో ఎస్ఎల్ అనే ఫైల్ పెట్టి ఉంచితే, అక్కడికి వెళ్లి ఎల్ఎస్ బదులు తొందరలో ఎస్ఎల్ కొట్టిన రూట్ దాన్ని నడిపేస్తాడు. కోలన్ తీసేశాను, సాఫ్ట్‌వేర్ మామూలుగానే నడుస్తోంది.

ఆదివారం రాత్రి, ఇంటి నుంచి

క్రాన్. ఇది చిన్నదే. యూజర్ క్రాన్‌ట్యాబ్‌లో, అంటే ఆ యూజర్ క్రాన్ పనుల జాబితా ఫైల్‌లో, పాత్ రాయకపోతే /యూఎస్ఆర్/బిన్, /బిన్ రెండే వస్తాయి, ఆ యూజర్ రూట్ అయినా సరే. /ఈటీసీ/క్రాన్‌ట్యాబ్ ఫైల్‌లో డెబియన్ వాళ్లు ఎస్‌బిన్‌లతో పాత్ లైన్ రాసే ఉంచుతారు కాబట్టి అక్కడ నడిచిన జాబ్‌ని రూట్ సొంత క్రాన్‌ట్యాబ్‌లోకి తెస్తే ఆగిపోతుంది. ప్రతి క్రాన్‌ట్యాబ్ పైనా పాత్ లైన్ పూర్తిగా రాశాను, డాలర్ గుర్తులు ఇక్కడా విప్పుకోవు. కొందరు స్క్రిప్టులో ప్రతి ప్రోగ్రామ్‌కీ పూర్తి దారి రాయడమే మంచిదంటారు. నాకది నచ్చదు, ఎందుకో రేపటి దాంట్లో ఉంది.

సోమవారం

ఫెడోరా ల్యాప్‌టాప్. 2012లో ఫెడోరా 17 /బిన్, /ఎస్‌బిన్‌లను /యూఎస్ఆర్ కిందకి చేర్చింది. ఆర్చ్ లినక్స్ 2013లో ఒక అడుగు ముందుకేసి ఎస్‌బిన్‌లతో సహా అన్నిటినీ /యూఎస్ఆర్/బిన్ అనే ఒకే డైరెక్టరీ చేసింది. ఫెడోరా అక్కడికి చేరింది 2025 ఏప్రిల్‌లో, 42తో: /యూఎస్ఆర్/ఎస్‌బిన్ ఇప్పుడు బిన్ వైపు చూపించే ఒక సింబాలిక్ లింకు. డెబియన్ 12లో /ఎస్‌బిన్ అంటే /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌కి లింకే, కానీ బిన్, ఎస్‌బిన్ ఇంకా వేరు.

పూర్తి దారి రాసిన స్క్రిప్టులు లింకుల పుణ్యమా అని నడుస్తున్నాయి కానీ, డెబియన్‌లో /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లో ఉన్నది ఫ్రీబీఎస్‌డీలో /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో ఉండొచ్చు, అక్కడ ప్యాకేజీలన్నీ లోకల్ కిందే పడతాయి. అందుకే స్క్రిప్ట్ పైన పాత్ ఒక్కసారి రాసుకుని కింద పేర్లు మాత్రమే వాడటం నా పద్ధతి.

ఈ విలీనం వల్ల చిన్న తమాషా ఒకటి: డెబియన్‌లో ఇప్పుడు టైప్ -ఏ ఐపీ అని కొడితే నాలుగు చోట్ల ఉన్నట్టు చూపిస్తుంది. ఫైల్ ఒకటే, మిగతావి లింకుల గుండా వచ్చిన దారులు. అసిస్టెంట్ మూడు తీసేద్దామా అని అడిగాడు. వద్దన్నాను.

వాడికే ఇంకోటి తగిలింది. మా స్క్రిప్ట్‌ని లోకల్ బిన్‌లోంచి లోకల్ ఎస్‌బిన్‌లోకి మార్చాక, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌లో కొడితే పాత చోట అలాంటి ఫైల్ లేదంటోంది. బాష్ ఒకసారి దొరికిన దారిని గుర్తుపెట్టుకుంటుంది, ప్రతిసారీ వెతకదు. హ్యాష్ -ఆర్ కొడితే మర్చిపోతుంది.

బుధవారం

అన్ని మెషీన్లలో మళ్లీ కొలతలు తీసుకున్నాను. డెబియన్‌లు, ఉబుంటులు, రెడ్‌హ్యాట్ అన్నిట్లో టెర్మినల్, ఎస్‌ఎస్‌హెచ్, సుడో, క్రాన్ దారుల్లో ఎంకేఎఫ్‌ఎస్, ఐపీ, మా బ్యాకప్ స్క్రిప్ట్ మూడూ దొరుకుతున్నాయి. జెడ్‌పూల్ స్టేటస్ మానిటరింగ్‌కి వస్తోంది. సుడో లేకుండా పిల్లలు ఎక్సర్‌సైజ్ చేసుకున్నారు, ఒకడు డీబగ్‌ఎఫ్‌ఎస్‌తో డిలీట్ చేసిన ఫైల్ ఐనోడ్‌ని కూడా వెతికి చూపించాడు.

ఫ్రీబీఎస్‌డీ ఫైర్‌వాల్‌లో ఏమీ మార్చలేదు. మిగిలిందల్లా పాత్‌లో ఉన్న ప్రతి డైరెక్టరీలో ఎవరు రాయగలరో వారానికోసారి చూసి మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్, సగం రాశాను. అది మెయిల్ పంపేది /యూఎస్ఆర్/ఎస్‌బిన్/సెండ్‌మెయిల్‌తో.